పెరగని దారం

ఆపరేషన్ బల్ల మీద నాలుగేళ్ల పాప మత్తులో ఉంది. గాజుపెంకు గుచ్చుకుని పాప చేతిలో రక్తనాళం తెగింది. కాలి నుంచి తీసిన సిరముక్కను చిన్న డాక్టరమ్మ అక్కడ అతుకుతోంది. గ్లౌజులు తొడుక్కుని వచ్చిన పెద్ద డాక్టరు ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఇదేంటి, ఒక్కో కుట్టుకీ ఒక్కో ముడా? ఒకే దారంతో చుట్టూ లాగెయ్యమన్నానుగా!"

"అన్నారు సార్. నేనే మానేశాను."

"పక్క గదిలో ఇంకో మనిషి కాచుక్కూర్చున్నాడు. నువ్విక్కడ తీరిగ్గా అల్లికలు అల్లుతున్నావు."

"ఒకే దారం చుట్టేస్తే అతుకు అక్కడే బిగుసుకుపోతుంది సార్. పాప పెరుగుతుంది, దారం పెరగదు. రేపు పెద్దదయ్యాక ఆ చేతికి రక్తం చాలదు. విడివిడిగా కుడితే నాళం సాగడానికి చోటుంటుంది."

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! ఈ చేత్తో ఎంతమందిని కుట్టానో తెలుసా?"

"తెలుసు సార్. వాళ్లంతా ఎదిగిపోయినవాళ్లు."

"ఇంత ఆలస్యానికి చెయ్యి చల్లబడితే?"

"ముట్టుకుని చూడండి."

ఆయన పాప అరచెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది.

"నాకు పాఠాలు చెబుతున్నావా?"

"లేదు సార్. మీ మాట వినడం లేదు, అంతే."

"రేపటి నుంచి నిన్నీ గదిలో అడుగు పెట్టనివ్వను."

"రేపటి సంగతి కదా సార్. ఇవాళ్టి కుట్లు ఇంకా మిగిలే ఉన్నాయి."

"ఎవర్ని చూసుకుని నీకింత పొగరు?"

"ఈ పాపని చూసుకుని. కొంచెం పక్కకి జరగండి సార్, మీ తల లైటుకి అడ్డొస్తోంది."