ఒకే గీత ఉన్న గది

ఇళ్ల ప్లాన్లు గీసే అక్క ఆఫీసు. బల్లకి అటు అక్క, ఇటు తమ్ముడు.

“ప్లాన్ గీయమంటే ఈ గుండ్రాలేంటక్కా?”

“ఒక్కో గుండ్రం ఒక్కో గది. ఎవరు ఎటు నడుస్తారో అవి గీతలు. గోడలు లేచాక తప్పు తెలిస్తే నెత్తీ నోరూ కొట్టుకోవాలి. ఇప్పుడైతే రబ్బరు చాలు. ఇదిగో, నీ గది. గేటుకి గీత గీయనా?”

“గీయి. హాలుకి, వంటింటికి, మేడ మెట్లకి కూడా.”

“మరి నీ భార్య, నా మరదలి గది?”

“నా గది వెనకాల.”

“దానికి దారి?”

“నా గదిలోంచే.”

“హాల్లోకి వేరే తలుపొద్దా?”

“ఎందుకూ, నేనుంటాగా.”

“వంటింటికి?”

“నా గదిలోంచే వెళ్తుంది. ఎన్నిసార్లు అడుగుతావ్ ఒకటే?”

“అడగడమే నా పనిరా. పెరటి వైపు తలుపు?”

“వద్దు.”

“కిటికీ?”

“పైన చిన్నది పెట్టు. గాలాడితే చాలు.”

“చూడు. నీ గుండ్రానికి ఐదు గీతలు. తనదానికి ఒక్కటే, అదీ నీ మీదుగా.”

“కాగితం మీద అలాగే కనిపిస్తుందిలే.”

“కనపడాలనే ముందు గీసేది. ఏదీ, ఫోన్ చెయ్, తననే అడుగుదాం.”

“తన దగ్గర ఫోన్ లేదు.”

“పోయిన నెల నేను కొనిచ్చానుగా?”

“పాడైంది. సరేగానీ, నే వెళ్తా.”

“కూర్చోరా, మెట్ల సంగతి తేలలేదు.”

“తనొక్కతే ఉందక్కా.”

“వెంట తీసుకురావాల్సింది.”

“ఎందుకులే. తాళం వేసొచ్చా.”

“మనిషిని లోపల పెట్టి తాళమా? రోజూ వేస్తావా?”

“మా ఇంటి గొడవ నీకెందుకు? గీసే పని చూడు.”

“నిన్ను చూస్తే భయమేస్తోందిరా. చంకనెత్తుకుని తిప్పాను నిన్ను.”

“అబ్బ, మళ్లీ మొదలెట్టకు. బావేడీ? చెప్పి పోతా.”

“లేరు.”

“ఎక్కడికెళ్లాడు?”

“మెట్లు ఇటు పెడదామా, అటా?”

“అక్కా, బావ ఎక్కడికెళ్లాడు?”

“మీ ఇంటికే. తాళాలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని. నీ ఎదురింటావిడ నిన్న నాకంతా చెప్పింది. నువ్విక్కడ కూర్చుని గంట దాటిందిగా, మరదలు ఈపాటికి ఊరు దాటి ఉంటుంది.”