దిగులు పడే డ్యూటీ

భయమన్నదే ఎరగని మనిషి మామగారు. పులి ఎదురైనా పక్కకు తప్పుకోమంటారు. ఆయన అల్లుణ్ణి చూడ్డానికి వాళ్లింటికొస్తే, ఆ అల్లుడేమో తను పనిచేసే మిల్లు మూసేస్తారన్న పుకారు విని కంచం ముట్టకుండా కూర్చున్నాడు.

“నీ దిగులు ఇలా ఇవ్వు అల్లుడూ. నువ్వు తినేదాకా నేను పడతాను.”

“మీకు చేతకాదు మామయ్యా. దిగులంటే ఊరికే కూర్చోవడం కాదు.”

“నేర్పు మరి.”

“గుమ్మం వైపు చూడండి. ఎవరు దగ్గినా మిల్లు నోటీసు తెచ్చినవాడే అనుకోవాలి.”

“అనుకున్నాను. తర్వాత?”

“ఉద్యోగం పోయింది. పిల్లాజెల్లాతో మీ ఇంటికొచ్చేశాం.”

“మా ఇంటికా? ఎన్నాళ్లు?”

“ఏమో. అది తెలియకపోవడమే దిగులు.”

“ఉన్నవి రెండు గదులే కదయ్యా. మీ అత్తయ్య నన్నెక్కడ పడుకోబెడుతుంది?”

“ఆ గొంతే. బాగా వస్తోంది మీకు.”

“గుండె దడదడలాడుతోందిరా నాయనా.”

“మెల్లగా ఊపిరి వదలండి. ఇవాళ్టికి మిల్లు నడుస్తోంది, సైరన్ విన్నారుగా. ఒకవేళ మూసేస్తే, మీరు కోళ్లగూడు పక్కన పడుకుందురుగాని. మంచం నేను మోసుకొస్తాను.”

“కోళ్లు పొడవవూ?”

అల్లుడు ఫక్కున నవ్వి కంచం దగ్గరికి లాక్కున్నాడు. మామగారు మాత్రం గుమ్మం వైపే చూస్తుండిపోయారు.

ఇందులో పులి ఒక్కటే నేను కల్పించింది. ఆయన పిల్లి ఎదురైనా దారిచ్చే మనిషి.