జోస్నా అడిగిన మూడు ప్రశ్నలు

“ఆ జోస్నాను గ్రూపులోంచి తీసేద్దామండీ. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది.”

“జర ఆగండి చక్రపాణిగారూ. ఒస్త అన్నది కద, మొకం చూసి చెప్దాం.”

ఆదివారం పొద్దున, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద ఇరానీ హోటల్. అరుణజ్యోతి చాయ్ ముట్టలేదు. ఆన్‌లైన్‌లో ఆమె నడిపే టీనేజ్ నవలల గ్రూపుకు చక్రపాణి రెండో అడ్మిన్.

“చూసేదేముందండీ? మీ నవలకు మూడొందల మంది గుండె బొమ్మలు పెట్టారు. ఈ జోస్నా ఒక్కతే తప్పులు పడుతోంది.”

“నా మేఘన పదహారేళ్ళ పిల్ల. హాస్టల్ గోడ దూకి, బస్సెక్కి, సముద్రం కాడికి పోతది. గీమె ఏమడుగుతది? వాచ్‌మన్ ఏ టైంకు పండుకుంటడంట.”

“కండక్టర్ ఆధార్ కార్డు అడగలేదా అని కూడా.”

“బస్సు దిగినంక ఎక్కడ పండుకుందంట. కవిత్వం తెల్వని మనిషి.”

“టీనేజర్ల మనసు అందరికీ అందదండీ. నాకు యాభై ఎనిమిది. మీకు?”

“నలభై తొమ్మిది నడుస్తున్నది.”

“అదే మరి. అనుభవం.”

“ఆదివారం ఆదివారమే రాస్తది. పనిలేని లెక్చరర్ ఎవరో అయ్యుంటది.”

“ఆంటీ... అరుణజ్యోతి ఆంటీ మీరేనా?”

“నేనే. నువ్వెవరమ్మా?”

“జోస్నా.”

మెడలో కాలేజీ ఐడీ కార్డు, భుజాన బరువైన బ్యాగు.

“నువ్వా? నీకెన్నేళ్ళు?”

“పదహారు.”

“అరుణజ్యోతిగారూ, పద్దెనిమిది నిండనివాళ్ళకు మన గ్రూపులో చోటు లేదు. మొదటి రూలే అది. ఇప్పుడే తీసేస్తున్నా.”

“ఆగండి సార్. ఏ హాస్టలమ్మా?”

“ఎల్బీనగర్ల ఆంటీ. ఆదివారం ఔటింగ్ ఇస్తరు. అప్పుడు మా అన్న ఫోన్ల చదువుత.”

“చదువు, మంచిదే. గని అందరి ముంగట గట్ల తప్పులు పడ్తే ఎట్ల? నా మేఘన నచ్చలేదా?”

“నచ్చింది. మూడుసార్లు చదివిన. తప్పులు పట్టలే ఆంటీ, తెల్వక అడిగిన. మీరు జవాబియ్యలే.”

“తెలుసుకొని ఏం చేస్తవ్?”

“మార్కులు తక్కువొచ్చినయని నన్ను ఆఖరి సెక్షన్ల ఏసిండ్రు. ఇంట్ల చెప్తే మా డాడీ ఇనడు. ఇయ్యాల పోతున్న. బట్టలు బ్యాగులనే ఉన్నయి.”

“చక్రపాణిగారూ, ఆ ఫోన్ పక్కకు పెట్టండి.”

“రూలు...”

“పెట్టండి. కూసో బిడ్డా. అమ్మ నంబర్ చెప్పు.”

“ఫస్ట్ మీరు చెప్పండి. మేఘన బస్సు దిగినంక ఎక్కడ పండుకుంది?”

“నాకే తెల్వదు బిడ్డా. ఒక్కదాన్నే బస్సెక్కి నేను ఎల్బీనగర్ కూడ దాటలే.”