రెండు ప్యాంట్లకి ఒక తుపాకీ

కండక్టరు బాబాయ్ ఉద్యోగం దిగిపోయి నాలుగేళ్లయింది గానీ, ఆయన నోరు మాత్రం ఇప్పటికీ ఏ స్టాపులోనూ ఆగలేదు. ఆ రోజు పొద్దున్నే చంకలో పొడుగాటి అట్టపెట్టె ఇరికించుకుని టీ కొట్టు దగ్గరికి వచ్చి, బెంచీ మధ్యలో చతికిలబడి మూత తీశాడు. లోపల నల్లగా నిగనిగలాడుతూ ఎయిర్‌సాఫ్ట్ గన్. చిన్న చిన్న ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఆట తుపాకీయే, కానీ చూస్తే అచ్చం అసలుదే అనిపిస్తుంది.

"మీ పిన్ని ఖరాకండిగా చెప్పేసింది," అన్నాడు. "సాయంత్రంలోగా బాగు చేయిస్తావో అమ్మేస్తావో నీ ఇష్టం, అది మాత్రం మళ్లీ నా బీరువా మీదకి ఎక్కకూడదంది. దీని రోగం ఒక్కటే. మోటారు గుయ్యిమంటుంది, గుండు బయటికి రాదు. ఏం చెయ్యమంటారో చెప్పండి."

"అమ్మెయ్ బాబాయ్," అన్నాడు పక్కనే కూర్చున్న టైలరు, ఆయన నోరు మూయకముందే.

టైలరు తొందర ఊరికే కాదు. ప్రతి ఆదివారం పాత గోడౌన్లో వాడి స్నేహితులు రెండు జట్లుగా ఈ ఆట ఆడతారు. అందరికీ గన్నులున్నాయి, వీడికొక్కడికే లేదు. వాళ్ల కోట్లకి జేబులు కుట్టిపెట్టడం, నీళ్ల సీసాలు అందించడం, ఎవడైనా అలిసిపోయి కూర్చుంటే ఆ కాసేపు వాడి గన్ను పట్టుకుని మురిసిపోవడం, ఇదే వీడి ఆట. ఒక్క ఆదివారమైనా సొంత గన్నుతో మొదటి నుంచి చివరిదాకా ఆడాలని వాడి ప్రాణం కొట్టుకుంటోంది.

"నాకిచ్చెయ్. రెండు ప్యాంట్లు కుట్టిపెడతా. గుడ్డ కూడా నాదే."

బాబాయ్ కళ్లు చిన్నవి చేసి లెక్కేసుకున్నాడు. "బేరం బాగానే ఉంది. కానీ ఏం పట్టుకెళ్తున్నావో తెలియకుండా పట్టుకెళ్లకూడదు కదరా. ముందు దీని చరిత్ర విను, ఆ తర్వాత నీ ఇష్టం."

టీ కొట్టు అక్క పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. ఈ చరిత్రకి ఒక్క టీ చాలదని ఆవిడకి తెలుసు.

"మా డిపోలో ఓసారి ఆటల పోటీలు పెట్టారు. ఇరవై అడుగుల దూరంలో ఖాళీ డబ్బా. అందరూ తలా పదిసార్లు కొట్టారు, ఒక్కడికీ తగల్లేదు. నేను ఒక్కటి కొట్టా. టంగుమని పడింది. అంతే."

"అంతేనా?" అన్నాడు ఆటో డ్రైవరు నిరాశగా.

"అంతే అంటే అంతేనా మరి! డబ్బాకి తగిలిన గుండు బుద్ధిగా కింద పడుతుందేంటి, ఎగిరి మేనేజరు గది కిటికీలోంచి లోపలికి దూరి, సిరాబుడ్డిలో ఓ మునక వేసి, నా సెలవు చీటీ చివర గిరగిరా తిరిగింది. అచ్చం ఆయన సంతకం! ఆయన కూడా నేనెప్పుడు పెట్టానబ్బా అనుకుంటూ ముద్ర వేసేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏమైందో టైలరుకి అక్కర్లేదు. వాడు పక్కకి తిరిగి, గన్ను బ్యాటరీ ఊడదీసి, ఫోను లైటు వేసి గొట్టంలోకి చూశాడు. కొస నుంచి కాస్త లోపలికి, నల్లటి రబ్బరు బిరడా. దుమ్ము పోకుండా కంపెనీ వాళ్లు పెట్టి పంపేది. కొత్త గన్ను కొన్న స్నేహితులు మొట్టమొదట పీకి పారేసేది అదే. అంటే గన్నుకి ఏ రోగమూ లేదు! చడీచప్పుడు లేకుండా లైటు ఆర్పి, గన్ను పెట్టెలో పడుకోబెట్టేశాడు. అక్క ఓరకంట అది చూసి, మళ్లీ టీ కలపడంలో పడింది.

"ఆ సెలవులో పెద్ద పందెం," బాబాయ్ సాగిపోతున్నాడు. "అటు నలభై మంది, ఇటు నేనొక్కణ్ణి, నా దగ్గర ఒకే ఒక్క గుండు."

"అదేంటి, సంచీకి వేలకి వేలు వస్తాయంట కదా?" అన్నాడు డ్రైవరు.

"మిగతావి వాళ్లకే ఇచ్చేశా. పాపం, వాళ్లకి చాలట్లేదు. సరే, ట్రిగ్గర్ నొక్కా. గుండు వెళ్లి ఒకడి చెవి తమ్మెకి తగిలి, అక్కణ్ణించి ఇంకొకడి మోచేతికి తగిలి, స్తంభం వెనక దాక్కున్న ముగ్గుర్ని చుట్టూ తిరిగి మరీ కొట్టింది. మిగతావాళ్లు మూడో అంతస్తులో ఉన్నారు. లిఫ్టెక్కింది."

"ఎవరు, గుండా?" అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"మరి అన్ని మెట్లెక్కి ఆయాసపడమంటావా?"

"బటనెవరు నొక్కారు బాబాయ్?"

"పిచ్చిదానా, అదే వెళ్లి తగిలింది కదా! పైకెళ్లి మెయిన్ స్విచ్చి ఆర్పేసింది. చీకట్లో ఎవడెవడో తెలీక ముప్ఫై అయిదు మందీ ఒకళ్లకొకళ్లు లొంగిపోయారు. నేను ఇంటికెళ్లేసరికి గుండు నాకంటే ముందే వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆయనెక్కడా అని మీ పిన్ని దాన్నే నిలదీస్తోంది."

డ్రైవరు టీ పొలమారి దగ్గుతున్నాడు. "చరిత్ర బ్రహ్మాండంగా ఉంది బాబాయ్," అంటూ టైలరు పెట్టె మూత వేసేశాడు. "ప్యాంట్లకి కొలతలు ఇప్పుడే తీసుకోనా?"

"ఆగరా, అసలు సంగతి చెప్పందే!" బాబాయ్ డ్రైవరు వైపు తిరిగాడు. "ఆ రోజు వీడూ అక్కడే ఉన్నాడు తెలుసా? భయపడి గోనెసంచిలో దూరాడు."

టైలరు పళ్లు బిగబట్టి నవ్వాడు. దూరితే దూరాననుకో, మనసులో అనుకున్నాడు, ఆదివారం ఇంకెంత దూరంలో ఉంది.

"సంచిలోంచి, బాబాయ్ నన్ను కాపాడు, అని ఒకటే ఏడుపు."

"ఏడ్చాను బాబాయ్, నిజమే," అన్నాడు టైలరు. మెడలోంచి టేపు తీశాడు.

"నేను చెయ్యి పట్టి బయటికి లాగా. లాగేసరికి ఏమైందో తెలుసా? వీడు స్వయంగా కుట్టుకున్న చొక్కాకి చంక దగ్గర కుట్టు పటపటా ఊడిపోయి, దాని చెయ్యి నా చేతిలోకి వచ్చేసింది!"

"కుట్టు ఊడిందా?" టైలరు లేచి నిలబడ్డాడు. "నా కుట్టా? పదహారేళ్లలో నేను వేసిన కుట్టు ఒక్కటంటే ఒక్కటి ఊడిందని ఎవడైనా అన్నాడా! గుడ్డ చిరగాలి తప్ప నా కుట్టు ఊడదు! అసలు నీ తుపాకీ ఎప్పుడైనా పేలిందా?"

మూత విసిరేసి, జేబులోంచి చిన్న కత్తెర తీసి, గొట్టం కొసలోంచి బిరడా బయటికి లాగి, గన్ను టీ పళ్లెం మీదకి వంచాడు. తెల్లటి గుండ్లు ఒకదాని వెనక ఒకటి జారిపడ్డాయి. ఆరు.

"కంపెనీవాడు పెట్టిన బిరడా కూడా తియ్యలేదు! ఇది పుట్టాక పేల్చినవి ఆరే ఆరు, ఆ ఆరూ ఇదిగో, గొట్టం కూడా దాటలేదు. ఆ నలభై మందిని దేనితో కొట్టావ్, నోటితోనా?"

డ్రైవరు బెంచీ మీంచి కిందకి జారిపోయాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ మాత్రం ఎవరినీ చూడట్లేదు. బ్యాటరీ తగిలించి, రోడ్డవతల ఎవరూ లేని మట్టిదిబ్బ వైపు తిప్పి, కళ్లు రెండూ గట్టిగా మూసుకుని నొక్కాడు. టప్పుమని మట్టి లేచింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంత సంతోషం ఆ నలభై మందిని కొట్టినప్పుడు కూడా కనిపించలేదు.

"పనిచేస్తోందిరా! బాగు చేయించు, లేదా అమ్మెయ్ అంది కదా మీ పిన్ని. బాగైపోయింది. ఇంకెందుకు అమ్మడం?" గన్ను భుజాన వేసుకుని, పెట్టె అక్కడే వదిలేసి లేచాడు.

"బాబాయ్, మరి ప్యాంట్లు?"

"కుట్టరా, నేనొద్దన్నానా?" అని ఇంటి దారి పట్టాడు.

టైలరు టేపు చేత్తో పట్టుకుని అలాగే కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. అక్క వాడి ముందు వేడి టీ పెట్టింది.

"నువ్వు ఇందాకే చూశావు కదరా ఆ బిరడా. కాస్త నోరు మూసుకుని ఉంటే గన్ను నీదయ్యేది కదా?"

"కుట్టు ఊడిందన్నాడక్కా," అన్నాడు టైలరు.