అక్క పేరు మీద

హలో… ఆ, నేనేనే, అమ్మమ్మని… మిల్లు నుంచే. దారం చేత్తో తడిమి చూసేవాళ్ళు లేరని పిలిస్తే వచ్చా… లేదే, బాగా లేను. దారం గదిలో ఇరుక్కుపోయా.

…తలుపుకి అడ్డం పెట్టిన ఇటుక కాలికి తగులుతోందని నేనే పక్కకి జరిపా. ధడేల్‌మని పడింది… నవ్వకు. ఒంటిగంటకి, దారం పదునెక్కాలని, ఈ గదిలోకి ఆవిరి దానంతటదే వస్తుంది. నా ఊపిరి సంగతి నీకు తెలుసుగా… పావుగంట ఉంది.

…మేస్త్రీకి చేశా, ఎత్తడం లేదు. అందరూ అన్నాలకి పోయారు.

…ఆ, మొన్న మీ కంపెనీ తరఫున నువ్వు తెచ్చి మిల్లులో పెట్టిన కొత్త కంప్యూటరే, నా ముందే ఉంది. తలుపు బొమ్మ నొక్కితే ఏదో ఎర్రగా రాసి ఊరుకుంటోంది.

—ఏమిటీ? తలుపు తెరిచే ప్రోగ్రాం పాతదా… నువ్వు ఏ యంత్రానివని ముందు అడుగుతుందా… ఈ కొత్త కంప్యూటర్ ఉన్న నిజం చెప్పేసరికి, ఆ ప్రోగ్రాం నేను లేవనంటోందా? బాగానే ఉంది, దానికి హరిశ్చంద్రుడి గతి పట్టింది.

…అయితే పాతదాని పేరు చెప్పించాలి. లోపల యంత్రం ఏమీ మారదు, పేరొక్కటే… సరే, అక్షరాలు కొట్టే నల్ల డబ్బా తెరిచా, నెమ్మదిగా చెప్పు. ఎల్… ఐ… ఎన్… యు, గిన్నెలా ఉంటుంది, అదేగా?… ఎక్స్ నాకు తెలుసే, పాడైన దారం కండెల మీద వేసే గుర్తు. మూడు… రెండు… పెద్ద మీట నొక్కా. ఇప్పుడు డి… ఓ… మళ్ళీ ఓనా?

…ఉండు, అక్షరం వెతుకుతున్నా.

…దీని కింద మొదలైనవన్నీ కూడా ఆ పాత పేరే నమ్ముతాయా? అంతేలే. మీ అమ్మ బడి పుస్తకంలో తల్లి పేరు ఎవరిదనుకున్నావ్? మా అక్కది.

…ఎందుకేమిటే. మిల్లు ఉద్యోగం కాగితం అక్కకొచ్చింది, అక్కకేమో పెళ్ళి కుదిరింది. నాకు పద్నాలుగు. నాన్న ఆ కాగితం నా చేతిలో పెట్టి, గేటు దగ్గర ఎవరడిగినా ఈ పేరే చెప్పమన్నాడు. చెప్పా. నలభై ఏళ్ళు చెప్పా… అక్క పోయిందని కబురొచ్చిన రోజు సెలవు కూడా అడగలేకపోయానే. ఎవరు పోయారంటే ఏం చెప్పను? ఆ పేరుగలది వాళ్ళ ఎదురుగా నిలబడి ఉంటే.

…ఏడవడం లేదు. పైన గొట్టం బుస్సుమంటోంది, ముఖానికి తడి కొడుతోంది… ఆ, ఆర్ కొట్టా. మళ్ళీ పెద్ద మీట నొక్కా. నొక్కానే తల్లీ…

……

తెరుచుకుంది. గాలొస్తోంది.

…ఇంకా కొట్టాలా? ఈ… ఎక్స్… ఐ… టి. కొడితే ఏమవుతుంది?… మళ్ళీ తన సొంత పేరుకి వచ్చేస్తుందా?

…

అంతేనా? నాలుగు అక్షరాలేనా?

…కొట్టేశాలే. దాని అదృష్టం.

—ఉండు, మేస్త్రీ వస్తున్నాడు. నన్నే పిలుస్తున్నాడు… వినపడిందా? అక్క పేరే… ఇప్పుడేం చెప్తానే, ఈ వయసులో. పెట్టేస్తున్నా.

ఆ… నేనే బాబూ, నేనే.