పాత కొట్టం మట్టి

"నాయినమ్మా, బాబుకు చెవులు ఇనపడయని తెలిసినకాన్నుంచి నాకేం తోస్తలేదు. గసొంటి పిల్లల బడి కాడనే కిరాయికి ఇల్లు సూద్దామనుకుంటున్నం. అత్తమ్మ చిన్నగున్నప్పుడు మీరు గూడ గట్లనే ఇల్లు మారిండ్రంట గదా?"

మారినం బిడ్డా. ఎవలు చెప్పిండ్రు, మీ నాయిననా? వానికేం తెలుసు, గప్పుడు వాడు నా సంకల ఉండె. కూసో. గా పీట గుంజుకో. ఆఁ... యాడికెల్లి చెప్పాలె?

గీ మొఘల్‌పురాలనే మనకు బర్రెల కొట్టం ఉండె. గిప్పుడు మూలమీద టైలర్ దుకాణం లేదా, గదే జాగ. పది బర్రెలు. పది యాడియి, ఒకటి ఎప్పుడూ వట్టిపోయే ఉండె, తొమ్మిదనుకో. మీ అత్తమ్మ సత్తెమ్మ నా పెద్దబిడ్డ. నడిచేదాక మాకు ఏం తెల్వనే తెల్వదు. బోనాలప్పుడు పోతరాజు ఇంటి ముంగటనే ఎగురుతున్నడు, డప్పులు పలిగిపోతున్నయి, గీ పోరి కొట్టంల గడ్డి మీద ఆరాంగ పండుకున్నది. మా అత్త ఏమన్నదో ఎరికేనా? "ఎంత బుద్ధిమంతురాలే!" అన్నది. బుద్ధి! నేను గూడ సంబురపడ్డ. చెవులు లెవ్వని సమజ్ కాలే.

చెవులు లేకుంటె ఏమాయె, గీ గల్లీని ఏలింది అది. మీ తాత ఎంబడి పాలు పొయ్యవోతుండె. ఇంటింటికి ఒక గుర్తు వెట్టింది. గాజులమ్మే ఖాజాబీ అంటె మణికట్టు రుద్దుతది. నస్యం పీల్చే పెద్దమనిషంటె ముక్కు పట్టుకుంటది. పాలు ఎక్కువ పొయ్యమంటె ఒక తీరు, తోడువెట్టనీకి అంటె ఇంకో తీరు. గల్లీల చిన్నోళ్ళకు పెద్దోళ్ళకు అందరికి వచ్చె గా చేతుల మాట. ఖాజాబీ అయితె కిటికీలకెల్లి "సత్తీ, ఆజ్ జ్యాదా" అనుకుంట, ఇయ్యాల జర ఎక్కువ పొయ్యుమని చేతులూపేది. ఇనపడదని తెలిసి గూడ నోటితోని ఎందుకంటవే అంటె నవ్వేది. మా పిల్లకు మాటలు రావన్న సంగతి మాకు యాదికి గూడ వస్తలేకుండె, నమ్ము.

మీ తాతకే ఫికర్. "మనమున్నన్ని దినాలు సరే. మనం పోయినంక, గీ గల్లీ దాటితె, దీని మాట ఎవలికి తెలుస్తది? నాలుగక్షరాలు రావాలె" అంటుండె. నిజమే గదా? ఆయన అన్నది తప్పని నేను గిప్పుడు గూడ అన. మూసీ అవతల చెవిటి పిల్లల బడి ఉన్నదని ఎవలో చెప్పిండ్రు. పేరెందుకులే బిడ్డా, గా మనుషులు ఉన్నరో పోయిండ్రో. ఈడికెల్లి దినాం తోల్కపోదామంటె పాలు పిండే యాల్లనే బడి యాల్ల. ఆడనే ఉంచుమంటె నా పానం ఒప్పలే. "బడి ఎన్కనే ఇల్లు తీసుకుందాం" అన్నడు మీ తాత. మా అత్త పెట్టిన లొల్లి అంతా ఇంతా గాదు. దినాం పాలు పోసే వాడికె ఇండ్లన్ని ఇడిసిపెట్టి ఒక పిల్ల కోసం పోతరా అని. ఆయన ఇనలే. కొన్ని బర్రెలను తన తమ్మునికి ఇడిసి, నాలుగింటిని తోలుకోని పోయినం.

మనోళ్ళల్ల ఒక పద్ధతుండె. బర్రెను కొత్త జాగల కడితె బెదురుతది, పాలు సేపది, పొదుగులకు దింపనే దింపది. గందుకని పాత కొట్టం మట్టి తెచ్చి దాని కాళ్ళకింద పోస్తరు. గా వాసన తలిగినంక నిమ్మళమైతది. మేము గూడ గంపలకు ఎత్తుకపోయినం. మీ తాత మోకాళ్ళ మీద కూసోని చేతులతోని పరిచిండు, పక్క పరిచినట్టు. మారాజు, సచ్చి ఏ లోకాన ఉన్నడో. బర్రెలు రెండొద్దులల్లనే సేపినయి.

పిల్లనే సేపలే.

బడిల టీచరమ్మ ఏమన్నదంటె, చేతులతోని చెప్తె ఇంక నోటికి మాట రానే రాదంట. పెదవులు సూడాలె, నోరు తెరవాలె. చేతులూపితె దెబ్బ. పొద్దంత చేతులు ఎన్కకు వెట్టుకోని కూసునుడు. ఇంట్ల గూడ అట్లనే ఉంచుమన్నది. గా కాలంల అందరు గట్లనే అనుకుంటుండ్రి, ఆమెను ఒక్కదాన్ని అని ఏం ఫాయిదా. సదువుకున్నామె చెప్పె, మేము బర్రెలోళ్ళం, కాదంటమా? అది ఆకలైతుందని ఏలు నోటికాడ పెట్టుకుంటె, మీ తాత గా చెయ్యి మెల్లగ కిందికి దించి "బువ్వ అను తల్లీ, బువ్వ" అంటుండె. అది నోరు తెరుస్తది. గొంతుల ఏదో గరగర. ఏడుస్తది. మేము గూడ ఏడుస్తుంటిమి. కొన్నొద్దులకు అడుగుడే బందు వెట్టింది. పెడితె తింటది, లేకుంటె లేదు.

ఆ బస్తీల దాన్ని ఎరిగినోళ్ళు ఎవలున్నరు? ఇల్లు కిరాయికిచ్చినామె అయితె పొద్దుగాల ఇది ఎదురొస్తె లోపటికి మర్లిపోతుండె, మూగది ఎదురైతె పని కాదంట. థూ, దాని పని పాడుగాను!

అక్షరాలా? వచ్చినయి. పలక మీద పేరు రాసి సూపెట్టింది ఒకనాడు. మీ తాత గా పలకను దేవుని పటం కాడ పెట్టిండు. గదే మొదలు, గదే ఆఖరు. మాట రాలే. వాడికెలు లేక పాలు అమ్ముడువోలే. రెండేండ్లు కొట్లాడి, బర్రెలను తోలుకోని మర్ల ఈడికే వచ్చినం.

వచ్చిన పొద్దు ఖాజాబీ కిటికీలకెల్లి సూసి, దుకాణం ఇడిసిపెట్టి ఉరికొచ్చింది. "సత్తీ!" అని మణికట్టు రుద్దుకుంటది, నవ్వుతది, మర్ల రుద్దుకుంటది. గీ పిల్ల ఆమె మొకం దిక్కు సూసింది. గుర్తువట్టింది బిడ్డా, కండ్లల్ల నాకు తెలిసింది. గుర్తువట్టి, రెండు చేతులు ఎన్కకు వెట్టుకున్నది. ఖాజాబీ ఆడనే కూలవడ్డది. "హాయ్ అల్లా, బచ్చీకో క్యా కర్ డాలే" అని, పిల్లను ఏం చేసిండ్రని నెత్తి కొట్టుకున్నది.

ఏం చేసినం? మంచే చేసినమనుకుంటిమి. బర్రెలకు గంపలు గంపలు మట్టి మోస్తిమి. పిల్లకు ఏం మోస్తిమి? దానికున్న ఒక్క మాటను గూడ గుంజుకుంటిమి. మీ తాత ఇంక అక్షరాల సంగతి ఎత్తలే. ఖాజాబీ వచ్చి ఎన్ని దినాలు దాని ముంగట చేతులూపిందో. రాలే. పోయింది రాలే.

అగో, చాయ్ తెస్తుంది సూడు నీకు. కప్పు అందుకో... సూసినవా? చేతులు యాడికి వోయినయి? యాభై ఏండ్లు దాటినయి దానికి. కొత్త మనిషైనా పాత మనిషైనా గంతే. నేను పోయినంక దానికి ఆకలైతె ఎవలకు తెలుస్తది బిడ్డా? గదే, మీ తాత ఫికరే, తిరిగి తిరిగి నా నెత్తి మీదికే వచ్చింది.

ఏడువకు. నేను ఉండుమంటలే. ఈడుండి గూడ ఏమొస్తది, ఖాజాబీ లేదు, గా గల్లీ లేదు. పో, మారు. గని ఇల్లు సూడవోయే ముందుగాల, బడి ఇడిసే యాల్లకు గేటు కాడ నిలవడు. ఇల్లు ఎట్లున్నదో, కిరాయి ఎంతో తర్వాత. బయటికొచ్చే పిల్లల చేతులు సూడు. యాడున్నయో సూడు.

నీ కొడుకు చేతులు ఎన్నడు ఎన్కకు పోవద్దు. నూరేండ్లు సల్లగుండాలె వాడు... తాగు బిడ్డా, చాయ్ సల్లారుతుంది. నువ్వు తాగేదాక అది గట్లనే నిలవడుతది.