మొక్కజొన్న మేసిన పంది

అణువిద్యుత్ కేంద్రం పేలిన పదకొండేళ్లకు, ముసలి వేటగాడు అడవిపంది మాంసం డబ్బాను రేడియేషన్ పరీక్షగదిలో బల్లమీద పెట్టాడు.

“మళ్లీనా పెద్దాయనా? మీరు తెచ్చిన ఆరు పందుల్నీ పాతిపెట్టించాను కదా!” అంది పరీక్షించే ఆవిడ.

“ఇది పాసవుతుందమ్మా. రేపు వండిపెడతానని మనవరాలికి మాటిచ్చేశాను.”

“యంత్రం చూడకముందేనా?” ఆమె డబ్బాను యంత్రంలో పెట్టింది.

“అడవి పుట్టగొడుగుల్లోనే రేడియేషన్ ఎక్కువని నువ్వేగా చెప్పావు! ఇది మూడు నెలలుగా, పాడైన మట్టి తీయించి కొత్తది పోయించిన నా చేలోనే మకాం పెట్టింది. మొక్కజొన్న ఒక్క కంకీ మిగల్చలేదు.”

“తరిమెయ్యలేదా?”

“మొదట్లో తిట్టిపోశాను. తర్వాత కంచె తలుపు తీసిపెట్టాను.”

యంత్రం ఆగింది. అంకె హద్దులో పదోవంతైనా లేదు. ఆమె చీటీమీద ముద్ర వేసింది.

“నాకూ ఒక ముక్క పంపండి. ఇన్నేళ్లూ కొలవడమే గాని, రుచి చూసింది లేదు.”